కాఫ్కాలో కన్స్యూమర్ ల్యాగ్‌ని సరిగ్గా కొలవడం ఎలా?

రోజూ పేపర్లో తిరుమల వార్త చూస్తూనే ఉంటాం. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో రాస్తారు, ఆ పక్కనే సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో రాస్తారు. కంపార్ట్‌మెంట్ల లెక్క ఏర్పాట్లు చూసేవాళ్లకి కావాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని కొండెక్కినవాళ్లకి కావలసింది గంటల లెక్క. ఇరవై కంపార్ట్‌మెంట్లు నిండినా లైను చకచకా కదిలితే బాధ లేదు. ఐదే నిండి, లైను ఆగిపోతే మాత్రం నరకం.

కాఫ్కా కూడా అలాంటి లైనే: ప్రొడ్యూసర్ అనే ప్రోగ్రాం మెసేజ్‌లు వేస్తుంది, బ్రోకర్ అనే సర్వర్ వాటిని టాపిక్ అనే పేరు కింద దాచి ఉంచుతుంది, కన్స్యూమర్ అనే ప్రోగ్రాం చదువుతుంది. ఇంకా చదవకుండా మిగిలిన వెనకబాటే ల్యాగ్. మన కాఫ్కా డ్యాష్‌బోర్డుల్లో చాలావరకు కంపార్ట్‌మెంట్ల లెక్కే ఉంటుంది, అదీ ఒక్కోసారి తప్పుగా. "ల్యాగ్ 17 వేలు" అని ఎర్రగా కనిపిస్తే టెన్షన్ పడతాం, సున్నా కనిపిస్తే పడుకుంటాం. రెండూ పొరపాటు కావచ్చు. ల్యాగ్‌ని నమ్మదగ్గ అంకెగా ఎలా తెచ్చుకోవాలో, మధ్యలో గోతులు ఎక్కడున్నాయో ఒక్కో అడుగూ వేస్తూ చూద్దాం.

ఒక చిన్న మాట. వెనకబాటుని, బ్రోకర్ డిస్కు మీద రాసే చిట్టాని మనం ఆఫీసుల్లో దాదాపు ఒకేలా పలుకుతాం. ఇక్కడ వెనకబాటుకి ల్యాగ్ అని, చిట్టాకి లాగ్ అని రాస్తున్నాను. ఆ ఒక్క ఒత్తు గమనించుకోండి.

1వ అడుగు: ఏ ప్రశ్నకి జవాబు కావాలో తేల్చుకోండి

ల్యాగ్ ఎంత అన్నదాని వెనక మూడు ప్రశ్నలు ఉంటాయి. ఆర్డర్ పెట్టిన కస్టమర్ తరఫున అడిగేవాళ్లకి "నా మెసేజ్ ఎంతసేపటి నుంచి ఆగి ఉంది" అన్నది కావాలి, అంటే సెకన్లలో జవాబు. కన్స్యూమర్లు నడిపే టీముకి "ఎంత పని మిగిలింది, ఎప్పటికి తేరుకుంటాం" అన్నది కావాలి. దానికి మెసేజ్‌ల సంఖ్యతో పాటు వేగం కూడా తెలియాలి. మూడో ప్రశ్న ఎవరూ అడగరు, కానీ అన్నిటికంటే ప్రమాదకరమైనది అదే: చదవకముందే బ్రోకర్ ఆ డేటాని చెరిపేస్తుందా? కాఫ్కాలో రిటెన్షన్, అంటే డేటాని ఉంచే గడువు, డిఫాల్ట్‌గా 168 గంటలు, అంటే 7 రోజులు. చాలా చోట్ల డిస్కు ఖర్చు తగ్గించాలని దాన్ని ఒక రోజుకో, కొన్ని గంటలకో కుదించేస్తారు. అలాంటి టాపిక్ మీద శనివారం ఆగిన కన్స్యూమర్‌ని సోమవారం చూసుకుంటే పోయిన డేటా తిరిగి రాదు.

ఒకే అంకెతో మూడింటికీ జవాబు చెప్పాలని చూడటం దగ్గరే గందరగోళం మొదలవుతుంది.

2వ అడుగు: గీత మీద ఏ రెండు చోట్ల మధ్య కొలుస్తున్నారో తెలుసుకోండి

ఒక పార్టిషన్ అంటే ఒకే వరుసలో పేర్చిన మెసేజ్‌లు. ప్రతిదానికీ ఒక ఆఫ్‌సెట్ నంబరు. ల్యాగ్ అంటే ఆ గీత మీద రెండు చుక్కల మధ్య దూరం. చిక్కేమిటంటే, "చివర" అనదగ్గ చుక్కలు మూడు, "మనం ఉన్న చోటు" అనదగ్గ చుక్కలు మరో మూడు ఉన్నాయి.

చివర వైపు చూస్తే, లీడర్ బ్రోకర్ తన డిస్కు మీద రాసుకున్న ఆఖరి చోటు లాగ్ ఎండ్. సింక్‌లో ఉన్న రెప్లికాలన్నిటికీ, అంటే ఇతర బ్రోకర్ల మీది కాపీలన్నిటికీ, చేరినంతవరకు ఉండేది హై వాటర్‌మార్క్. కన్స్యూమర్‌కి బ్రోకర్ చూపించేది అంతవరకే. ట్రాన్సాక్షన్లు (కొన్ని మెసేజ్‌లని ఒకే కట్టగా, చెల్లితే అన్నీ, లేదంటే ఏదీ కాదన్నట్టు పంపడం) వాడుతుంటే ఇంకోటి ఉంది, లాస్ట్ స్టేబుల్ ఆఫ్‌సెట్: ఇంకా తేలని మొదటి ట్రాన్సాక్షన్ దగ్గర అది ఆగిపోతుంది. కమిట్ అయిన మెసేజ్‌లే చదువుతాను అని సెట్ చేసుకున్న కన్స్యూమర్ ఆ చుక్క దాటి పోలేదు.

మనవైపు చూస్తే, కన్స్యూమర్ ఎంతవరకు తెచ్చుకుంది అన్నది పొజిషన్. ఎంతవరకు నిజంగా పని పూర్తి చేసింది అన్నది మీ కోడ్‌కి మాత్రమే తెలుసు. ఎంతవరకు పూర్తయిందని కాఫ్కాకి చెప్పింది అన్నది కమిటెడ్ ఆఫ్‌సెట్. దీంట్లో ఒక చిన్న మెలిక: కమిట్ చేసే నంబరు అయిపోయిన మెసేజ్‌ది కాదు, తర్వాత చదవాల్సినదానిది. కమిటెడ్ ఆఫ్‌సెట్ 100 అంటే 99 వరకు అయిపోయిందని. సొంతంగా స్క్రిప్టు రాసుకునేవాళ్లు ఇక్కడ ఒకటి కూడడమో తీసేయడమో చేసి, ల్యాగ్ ఎప్పటికీ సున్నాకి రావట్లేదేమిటా అని జుట్టు పీక్కుంటారు.

మీ డ్యాష్‌బోర్డులో ప్రతి గ్రాఫ్ కిందా ఏ చుక్క నుంచి ఏ చుక్కకి కొలిచారో ఒక్క లైను రాసి పెట్టండి. సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

3వ అడుగు: ఉన్న స్క్రిప్టుతో మొదలుపెట్టండి, పార్టిషన్ల వారీగా చూడండి

కాఫ్కాతో పాటే బిన్ ఫోల్డర్‌లో కన్స్యూమర్ గ్రూప్స్ అనే స్క్రిప్టు వస్తుంది. బ్రోకర్ చిరునామా, గ్రూప్ (ఒక టాపిక్‌ని పంచుకుని చదివే కన్స్యూమర్ల జట్టు) పేరు ఇచ్చి డిస్క్రైబ్ అంటే పార్టిషన్ల వారీగా లెక్క చూపిస్తుంది. ఆరు పార్టిషన్లున్న ఆర్డర్ల టాపిక్‌ని బిల్లింగ్ గ్రూప్ చదువుతోందనుకుందాం. కావలసిన నాలుగు కాలమ్‌లు మాత్రం ఇక్కడ పెడుతున్నాను, కరెంట్ ఆఫ్‌సెట్ అంటే కమిటెడ్ ఆఫ్‌సెట్టే:

| పార్టిషన్ | కరెంట్ ఆఫ్‌సెట్ | లాగ్ ఎండ్ ఆఫ్‌సెట్ | ల్యాగ్ |
|---|---|---|---|
| 0 | 1,48,200 | 1,48,212 | 12 |
| 1 | 1,47,955 | 1,47,963 | 8 |
| 2 | 1,49,010 | 1,49,025 | 15 |
| 3 | 1,31,400 | 1,48,650 | 17,250 |
| 4 | 1,48,733 | 1,48,733 | 0 |
| 5 | - | 1,120 | - |

మొత్తం కూడితే 17,285. ఆరుకి సగటు తీస్తే సుమారు 2,881. సగటు చూసినవాడు "కొంచెం వెనకబడింది, పర్లేదు" అంటాడు. మొత్తం చూసినవాడు "గ్రూప్ అంతా నెమ్మదిగా ఉంది, కన్స్యూమర్లు పెంచండి" అంటాడు. ఇద్దరిదీ తప్పే. నాలుగు పార్టిషన్లు హాయిగా ఉన్నాయి, 3 ఒక్కటే మునిగిపోతోంది. పైగా దాని లాగ్ ఎండ్ మిగతావాటితో సమానంగానే ఉంది. అంటే ఆ పార్టిషన్‌కి ఎక్కువ మెసేజ్‌లేమీ రావట్లేదు, చదివేవాడి దగ్గరే ఏదో అడ్డం పడింది. కొత్త కన్స్యూమర్లని దింపినా లాభం లేదు. ఒక గ్రూప్‌లో ఒక పార్టిషన్‌ని ఒక్కరే చదువుతారు కదా. మొత్తాన్ని గ్రాఫ్ వేసుకోండి గానీ, అలారం మాత్రం పార్టిషన్లలో గరిష్ఠం మీద పెట్టండి.

ఇక 5వ పార్టిషన్ గీత. ఈ మధ్యే కలిపిన పార్టిషన్, దానిమీద ఈ గ్రూప్ ఇంతవరకు ఒక్క కమిట్ కూడా చేయలేదు. గీత అంటే సున్నా కాదు, తెలియదు అని. కొన్ని ఎక్స్‌పోర్టర్లు (ఈ అంకెల్ని తెచ్చి డ్యాష్‌బోర్డుకి ఇచ్చే ప్రోగ్రాములు) దీన్ని సున్నాగా లెక్కేస్తాయి, కొన్ని అసలు వదిలేస్తాయి. మీది ఏం చేస్తుందో ఒకసారి పరీక్షించి చూసుకోండి. అక్కడ 1,120 మెసేజ్‌లు ఎవరూ ముట్టకుండా ఉన్నాయేమో. కమిట్ లేనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆటో ఆఫ్‌సెట్ రీసెట్ డిఫాల్ట్ లేటెస్ట్, అంటే చివరి నుంచి, కాబట్టి, పార్టిషన్ పుట్టిన క్షణానికీ కన్స్యూమర్ దాన్ని గమనించిన క్షణానికీ మధ్య వచ్చిన మెసేజ్‌లు చడీచప్పుడు లేకుండా దాటిపోతాయి కూడా.

మరో సంగతి. ఆ కాలమ్ పేరు లాగ్ ఎండ్ అని ఉన్నా, మామూలు క్లయింట్ అడిగితే బ్రోకర్ ఇచ్చేది హై వాటర్‌మార్క్‌నే. రెప్లికాలు వెనకబడ్డప్పుడు బ్రోకర్ డిస్కు మీద ఇంకా కొన్ని ఉండొచ్చు, అవి ఈ లెక్కలో కనిపించవు.

4వ అడుగు: రెండు అంకెల్నీ ఏ వరుసలో తెస్తున్నారో సరిచూసుకోండి

కమిటెడ్ ఆఫ్‌సెట్ ఒక కాల్‌లో వస్తుంది, చివరి ఆఫ్‌సెట్ ఇంకో కాల్‌లో వస్తుంది. రెంటి మధ్య సమయం గడుస్తుంది. ముందు చివరి ఆఫ్‌సెట్ తెచ్చి, తర్వాత కమిటెడ్ ఆఫ్‌సెట్ తెస్తే, ఆ సందులో కన్స్యూమర్ ముందుకి పోయి ల్యాగ్ మైనస్‌లో వస్తుంది. మైనస్ ల్యాగ్ చూసి ఎక్స్‌పోర్టర్ రాసినవాళ్లు కొందరు దాన్ని సున్నాకి కత్తిరించేస్తారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ మైనస్ 40 ని సున్నాగా చూపించే కోడ్, అసలు ల్యాగ్ 500 ఉన్నప్పుడు 460 అనే చూపిస్తుంది. తప్పు పోలేదు, దాక్కుంది.

వరుస మార్చండి. ముందు కమిటెడ్, వెంటనే చివర. అప్పుడు ల్యాగ్ కొంచెం ఎక్కువ రావచ్చు గానీ, మామూలుగా మైనస్ రాదు. ఎంత ఎక్కువ అన్నది కూడా చెప్పొచ్చు: ఆ సందు ఎన్ని సెకన్లో, వచ్చే వేగంతో హెచ్చవేస్తే సరి. సెకనుకి 26 మెసేజ్‌లు వచ్చే పార్టిషన్‌లో సందు అర సెకను అయితే తేడా 13. పట్టించుకోనక్కర్లేదు. కానీ మీ ఎక్స్‌పోర్టర్ చివరి ఆఫ్‌సెట్లని నిమిషానికోసారి తెచ్చి దాచుకుంటుంటే తేడా 1,500 దాటుతుంది. అప్పుడు మీరు చూసేది ల్యాగ్ కాదు, ఎక్స్‌పోర్టర్ బద్ధకం.

ప్రతి అంకెకీ అది తెచ్చిన సమయాన్ని కూడా తగిలించి దాచుకోండి. 8వ అడుగులో అదే పెట్టుబడి.

5వ అడుగు: కమిట్ ఎంతవరకు నిజం చెబుతోందో తేల్చుకోండి

ఇక్కడ కాసేపు ఆగుదాం. నేను చూసిన తప్పుడు ల్యాగ్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి.

మొదటిది చిన్న అబద్ధం. ఆటో కమిట్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, 5 సెకన్లకోసారి కమిట్ చేస్తుంది. సెకనుకి 26 వచ్చే పార్టిషన్‌లో కన్స్యూమర్ ఎంత చురుగ్గా ఉన్నా, బయటి నుంచి చూస్తే ల్యాగ్ సున్నా నుంచి 130 దాకా ఎక్కి, దిగి, రంపం పళ్లలా కనిపిస్తుంది. జావా క్లయింట్‌లో ఆ కమిట్ జరిగేది మెసేజ్‌లు తెచ్చే పోల్ ఫంక్షన్‌ని పిలిచినప్పుడే. ఒక బ్యాచ్ మీద 40 సెకన్లు పనిచేస్తే కమిట్ కూడా అంతసేపూ ఆగుతుంది. ఒక్క పోల్‌లో డిఫాల్ట్‌గా 500 రికార్డుల దాకా వస్తాయని గుర్తుంచుకోండి. ఈ రంపం పళ్ల ఎత్తు ఎంతో ముందే లెక్కేసి పెట్టుకుంటే, అంతకంటే తక్కువ ల్యాగ్ మీద అలారం పెట్టి రాత్రిళ్లు లేవక్కర్లేదు.

రెండోది పెద్ద అబద్ధం, దీనికి నేను మూల్యం చెల్లించాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో నోటిఫికేషన్లు పంపే కన్స్యూమర్ మా టీముది. వేగం పెరగాలని నేనే దాన్ని మార్చాను: మెసేజ్ తేవడం, పక్కన పనిచేసే థ్రెడ్ల గుంపుకి, అంటే థ్రెడ్ పూల్‌కి, అప్పగించడం, వెంటనే కమిట్. ల్యాగ్ పడిపోయింది. రెండు వారాలు గ్రాఫ్ నేలకి అతుక్కుని ఉంది, మీటింగుల్లో చూపించుకున్నాను కూడా. ఒక సాయంత్రం సపోర్ట్ టీములో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది.

"అన్నా, మెసేజ్‌లు నలభై నిమిషాలు లేటుగా వస్తున్నాయంట."

"లేదమ్మా, ల్యాగ్ సున్నా ఉంది, ఇప్పుడే చూశాను."

"మీ గ్రాఫ్ బాగానే ఉంటది అన్నా, నా ఫోన్‌కే రాలేదు."

అప్పుడు మా ప్రోగ్రాం వాడే హీప్ మెమరీ గ్రాఫ్ తెరిచాను. మధ్యాహ్నం నుంచి ఒకే ఏటవాలుగా ఎక్కుతోంది. బయటి ఎస్సెమ్మెస్ గేట్‌వే నెమ్మదించింది, మెసేజ్‌లన్నీ థ్రెడ్ పూల్ క్యూలో పేరుకుపోయాయి. వెనకబాటు కాఫ్కాలోంచి మా ప్రాసెస్ మెమరీలోకి మారింది, అంతే. కంగారులో ఎవరో రీస్టార్ట్ చేశారు. కమిట్ అయిపోయాయి కాబట్టి మెమరీలో ఉన్న మెసేజ్‌లు మళ్లీ రాలేదు. ఎన్ని పోయాయో లెక్క చెప్పడానికి కూడా మా దగ్గర ఏమీ మిగల్లేదు.

కాబట్టి పని పూర్తయ్యాకే కమిట్ చేయండి. పని పక్క థ్రెడ్లకి అప్పగించక తప్పకపోతే, పార్టిషన్‌లో వరుసగా ఎంతవరకు పూర్తయిందో లెక్క ఉంచుకుని అంతవరకే కమిట్ చేయండి, లోపలి క్యూలో ఎన్ని ఆగి ఉన్నాయో విడిగా ఒక మెట్రిక్ పెట్టండి. అసలు వెనకబాటు ఆ రెండూ కలిస్తేనే తెలుస్తుంది.

మూడోది, కమిట్‌నే నమ్మని చట్రాలు. డేటా ప్రాసెస్ చేసే ఫ్లింక్‌లో చెక్‌పాయింట్ (తన స్థితిని అప్పుడప్పుడూ దాచుకోవడం) ఆన్ చేస్తే ప్రతి చెక్‌పాయింట్ పూర్తయ్యాకే కాఫ్కాకి ఆఫ్‌సెట్ కమిట్ అవుతుంది. చెక్‌పాయింట్ 10 నిమిషాలకోసారి అయితే, రంపం పన్ను 10 నిమిషాల ఎత్తుంటుంది. స్పార్క్ స్ట్రక్చర్డ్ స్ట్రీమింగ్ అయితే కాఫ్కాకి అసలు కమిటే చేయదు, తన చెక్‌పాయింట్ ఫోల్డర్‌లో రాసుకుంటుంది. బయటి నుంచి గ్రూప్ ల్యాగ్ చూసే టూల్స్‌కి అక్కడ ఏమీ దొరకదు. ఇలాంటి చోట ఆ చట్రం ఇచ్చే మెట్రిక్‌లే వాడుకోవాలి.

6వ అడుగు: కన్స్యూమర్ తానిచ్చే అంకెని పక్కన పెట్టి పోల్చండి

జావా క్లయింట్ జేఎంఎక్స్ (జావా ప్రోగ్రాములు తమ అంకెల్ని బయటపెట్టే పద్ధతి) ద్వారా రికార్డ్స్ ల్యాగ్, రికార్డ్స్ ల్యాగ్ మ్యాక్స్ అనే మెట్రిక్‌లు ఇస్తుంది. ఇవి కమిట్ నుంచి కొలిచినవి కావు, పొజిషన్ నుంచి కొలిచినవి. అందుకే ఇవి బయటి లెక్క కంటే మామూలుగా తక్కువగా ఉంటాయి. రెంటి మధ్య తేడాయే చేతిలో ఉండి కమిట్ కాని పని. ఆ తేడా పెరుగుతూ పోతే నెట్‌వర్క్‌ని తిట్టుకోకండి, మీ కోడే నెమ్మదించింది.

దీన్ని ఒంటరిగా నమ్మకండి. కన్స్యూమర్ చచ్చిపోతే ఈ మెట్రిక్ కూడా దానితోనే పోతుంది. గ్రాఫ్ ఆగిపోతుంది, అలారం మోగదు. ల్యాగ్ అన్నిటికంటే వేగంగా పెరిగే సమయంలోనే దాన్ని చెప్పేవాడు ఉండడు.

7వ అడుగు: ట్రాన్సాక్షన్లు, కంపాక్షన్ ఉన్న టాపిక్‌లని విడిగా చూడండి

ఆఫ్‌సెట్ల తేడా అంటే మెసేజ్‌ల సంఖ్య అని అలవాటుగా అనుకుంటాం. మామూలు టాపిక్‌లో అది నిజం. కంపాక్ట్ అయ్యే, అంటే ఒక్కో కీకి తాజా మెసేజ్‌నే మిగిల్చే, టాపిక్‌లో పాత మెసేజ్‌లు తీసేశాక ఆఫ్‌సెట్లలో ఖాళీలు మిగులుతాయి. 50 వేల ల్యాగ్ అని కనిపించినా చదవాల్సినవి కొన్ని వేలే ఉండొచ్చు. ట్రాన్సాక్షన్ ముగిసిందని బ్రోకర్ రాసే గుర్తు కూడా ఒక ఆఫ్‌సెట్ తినేస్తుంది. ట్రాన్సాక్షన్లున్న టాపిక్‌లో అంతా చదివేసినా ల్యాగ్ ఒక్కోసారి 1 దగ్గర ఆగిపోవడానికి మామూలుగా కారణం ఈ గుర్తే. సున్నా కాకపోతే అలారం అనే రూల్ ఇక్కడ పనికిరాదు.

వింతైన పరిస్థితి ఇంకోటుంది. ఒక ప్రొడ్యూసర్ ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసిందనుకోండి. లాస్ట్ స్టేబుల్ ఆఫ్‌సెట్ కదలదు. కమిట్ అయినవే చదివే కన్స్యూమర్ అక్కడ ఆగిపోతుంది. అది తన ల్యాగ్‌ని ఆ చుక్క నుంచే కొలుస్తుంది కాబట్టి "నాకు ల్యాగ్ సున్నా" అంటుంది. బయటి స్క్రిప్టు హై వాటర్‌మార్క్ నుంచి కొలిచి "ల్యాగ్ పెరుగుతోంది" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ట్రాన్సాక్షన్ టైమ్‌అవుట్ ప్రొడ్యూసర్ వైపు డిఫాల్ట్‌గా 60 సెకన్లు, బ్రోకర్ ఒప్పుకునే గరిష్ఠం డిఫాల్ట్‌గా 15 నిమిషాలు. ఎవరైనా దాన్ని 15 నిమిషాలకి పెంచి ఉంటే అంతసేపూ ఇదే తంతు. అడ్మిన్ క్లయింట్‌లో ఆఫ్‌సెట్లు అడిగేటప్పుడు ఐసొలేషన్ లెవెల్, అంటే కమిట్ అయినవే లెక్కించాలా అన్నీనా అన్నది, ఇవ్వొచ్చు. రెండు రకాలుగానూ అడిగి, రెంటి తేడానీ ఒక గ్రాఫ్‌గా వేసుకోండి. అది పెరిగితే ప్రొడ్యూసర్ టీముని లేపాలి, మీరు పడుకోవచ్చు.

8వ అడుగు: మెసేజ్‌లని సమయంలోకి మార్చండి

ఇప్పుడు గంటల లెక్క. దీనికి మూడు దారులున్నాయి.

తేలికైన దారి, కన్స్యూమర్ ఒక్కో మెసేజ్ పూర్తిచేశాక ఇప్పటి సమయం నుంచి ఆ మెసేజ్ టైమ్‌స్టాంప్ తీసేసి రాయడం. కాఫ్కా మెసేజ్‌లకి 0.10 వెర్షన్ నుంచి టైమ్‌స్టాంప్ ఉంది. కస్టమర్ అనుభవానికి ఇదే దగ్గరి అంకె. కానీ కన్స్యూమర్ ఆగిపోతే చివరి విలువ దగ్గరే గ్రాఫ్ కూడా ఆగిపోతుంది: రెండు సెకన్లు, రెండు సెకన్లు, రెండు సెకన్లు... అవతల గంట గడిచిపోయి ఉంటుంది. ఈ టైమ్‌స్టాంప్ ఎవరిదో కూడా చూసుకోవాలి. డిఫాల్ట్ క్రియేట్ టైమ్, అంటే ప్రొడ్యూసర్ గడియారం. మొబైల్ యాప్ నుంచి వచ్చే ఈవెంట్లకి యాప్‌లో పుట్టిన సమయమే వేస్తుంటే, సిగ్నల్ లేని ఊళ్లో తిరిగొచ్చిన ఫోను పంపే పాత ఈవెంట్లు మీ ల్యాగ్‌ని గంటల్లోకి ఎగరేస్తాయి. క్యూ ఆలస్యమే కావాలంటే టాపిక్‌లో లాగ్ అపెండ్ టైమ్ సెట్ చేయండి, అప్పుడు బ్రోకర్ గడియారం పడుతుంది. పుట్టిన సమయాన్ని హెడర్‌లో విడిగా పెట్టుకోవచ్చు.

రెండో దారి అంచనా. 4వ అడుగులో చివరి ఆఫ్‌సెట్లని సమయంతో సహా దాచుకోమన్నది దీనికే. 3వ పార్టిషన్‌కి 10:00:00 దగ్గర చివరి ఆఫ్‌సెట్ 1,30,600 అని, 10:01:00 దగ్గర 1,32,200 అని రాసుకుని ఉన్నారు. కమిటెడ్ ఆఫ్‌సెట్ 1,31,400, సరిగ్గా మధ్యలో ఉంది. అంటే ఇప్పుడు చదవాల్సిన మెసేజ్ సుమారు 10:00:30 కి వచ్చింది. ఇప్పుడు సమయం 10:11:30 అయితే వెనకబాటు 11 నిమిషాలు. కన్స్యూమర్ బతికున్నా లేకపోయినా ఈ లెక్క నడుస్తుంది, బ్రోకర్ మీద భారం ఉండదు. పట్టికలో దొరకనంత పాత ఆఫ్‌సెట్ అయితే వెనక్కి అంచనా కట్టాలి, అక్కడ తప్పు పెరుగుతుంది. రాత్రి మెసేజ్‌లే రాని టాపిక్‌లో పొరపాటు ఇంకా ఎక్కువ.

మూడోది నాకు నచ్చినది. బయట ఒక చిన్న ప్రోబ్ నడపండి. అది గ్రూప్‌లో చేరకూడదు, చేరితే రీబ్యాలెన్స్, అంటే పార్టిషన్లని సభ్యులకి మళ్లీ పంచడం, మొదలవుతుంది. అసైన్ పద్ధతిలో పార్టిషన్ తీసుకుని, గ్రూప్ కమిటెడ్ ఆఫ్‌సెట్ దగ్గరికి సీక్ చేసి, అక్కడున్న ఒక్క రికార్డు చదివి దాని టైమ్‌స్టాంప్ చూడాలి. లైన్లో అందరికంటే ముందు నిలబడ్డవాణ్ణి "ఎప్పుడొచ్చావు బాబూ" అని అడిగినట్టు. కమిటెడ్, చివర సమానమైతే చదవక్కర్లేదు, ల్యాగ్ సున్నా. ఖచ్చితంగా ఉంటుంది, కంపాక్షన్ ఖాళీలున్నా ఇబ్బంది లేదు, తర్వాత ఉన్న మెసేజ్ ఏదో అదే వస్తుంది. ఖర్చు ఒకటే: బాగా వెనకబడ్డ గ్రూప్‌కి పాత డేటా డిస్కు నుంచి తేవాలి. అందుకని ఫెచ్ సైజు తగ్గించి, అర నిమిషానికోసారి నడిపితే చాలు. కమిట్ అయినవే చదివే గ్రూప్ అయితే ప్రోబ్‌కి కూడా అదే ఐసొలేషన్ ఇస్తే, ఆగిపోయిన ట్రాన్సాక్షన్ దగ్గర దానికి రికార్డు రాదు. రాకపోతే సున్నా అని రాయకండి, ఆగిందని రాయండి.

9వ అడుగు: ఎప్పటికి తేరుకుంటామో లెక్కేయండి

3వ పార్టిషన్‌లో అడ్డం తొలగింది, కన్స్యూమర్ సెకనుకి 40 చేయగలదు. 17,250 ని 40 తో భాగించి "7 నిమిషాల్లో అయిపోతుంది" అని మేనేజర్‌కి చెప్పేస్తాం. ఈలోపు సెకనుకి 26 కొత్తవి వస్తూనే ఉంటాయని మరిచిపోతాం. తరిగేది సెకనుకి 14 మాత్రమే. 17,250 ని 14 తో భాగిస్తే 1,232 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల పైమాటే. కన్స్యూమర్ వేగం 26 కి దగ్గరగా ఉంటే ఈ అంకె గంటల్లోకి పోతుంది, తక్కువైతే ఎప్పటికీ తేరుకోదు. ఈ తేడా వేగాన్ని పార్టిషన్ల వారీగా గ్రాఫ్ వేసుకుంటే, ల్యాగ్ ఇంకా చిన్నగా ఉన్నప్పుడే ఎటు పోతోందో కనిపిస్తుంది.

10వ అడుగు: అలారాలు

లింక్డ్‌ఇన్ వాళ్లు 2015లో బర్రో అనే టూల్‌ని ఓపెన్ సోర్స్ చేశారు. అందులో నచ్చిన విషయం, "ల్యాగ్ వెయ్యి దాటితే మోగించు" లాంటి గీతలేమీ ఉండవు. కొన్ని కమిట్‌ల కిటికీ తీసుకుని, ఆఫ్‌సెట్ కదులుతోందా, ల్యాగ్ పెరుగుతోందా, అసలు కమిట్‌లు వస్తున్నాయా అని చూస్తుంది. కదులుతూ కూడా ల్యాగ్ పెరుగుతుంటే హెచ్చరిక. కమిట్‌లు వస్తున్నా ఆఫ్‌సెట్ కదలకపోతే, ల్యాగ్ ఉంటే, ఇరుక్కుపోయిందని. కమిట్‌లే రాకపోతే ఆగిపోయిందని. ఆ టూల్ వాడకపోయినా ఈ ఆలోచన తీసుకోండి.

నేను పెట్టుకునేవి ఇవి: గరిష్ఠ సమయ ల్యాగ్ కస్టమర్‌కి ఇచ్చిన మాటలో సగం దాటి, మూడు నిమిషాలు అలాగే ఉంటే ఒకటి. మూడు నిమిషాలు ఎందుకంటే డిప్లాయ్ చేసినప్పుడల్లా రీబ్యాలెన్స్‌లో చిన్న ఎగుడుదిగుడు వస్తుంది. ల్యాగ్ ఉండగా ఏ పార్టిషన్ ఆఫ్‌సెట్ అయినా ఐదు నిమిషాలు కదలకపోతే ఒకటి. సమయ ల్యాగ్ రిటెన్షన్‌లో సగానికి చేరితే ఫోన్ మోగాల్సిందే, అర్ధరాత్రి అయినా సరే. ఆఖరుది, ల్యాగ్ మెట్రిక్కే రాకపోతే ఒకటి. సభ్యులెవరూ లేని గ్రూప్ ఆఫ్‌సెట్లని కాఫ్కా 2.0 నుంచి డిఫాల్ట్‌గా 7 రోజులు ఉంచి తీసేస్తుంది, అంతకుముందు ఒక్క రోజే. తీసేశాక ల్యాగ్ గ్రాఫ్ మాయమవుతుంది. ఎర్ర గీత పోయింది కదా అని సంతోషించేలోపు కన్స్యూమర్ మళ్లీ లేచి, లేటెస్ట్ నుంచి చదవడం మొదలుపెడుతుంది.

11వ అడుగు: చేజేతులా పాడుచేసి చూడండి

కొలతని కూడా పరీక్షించాలి. స్టేజింగ్‌లో, అంటే పరీక్షల కోసం పెట్టుకున్న సెటప్‌లో, సెకనుకి సరిగ్గా 100 మెసేజ్‌లు పంపే ప్రొడ్యూసర్ పెట్టండి. కన్స్యూమర్ని 5 నిమిషాలు ఆపండి. ల్యాగ్ 30,000 దగ్గర, సమయ ల్యాగ్ 5 నిమిషాల దగ్గర కనిపించాలి. కనిపించకపోతే తేడా ఎంతో, ఏ అడుగులో వచ్చిందో వెతకండి. తర్వాత కన్స్యూమర్ ప్రాసెస్‌ని కిల్ చేయండి, ఏ గ్రాఫ్‌లు పెరిగాయో, ఏవి ఆగిపోయాయో రాసుకోండి. మూడోసారి, ఒకే పార్టిషన్‌లో పార్స్ కాని మెసేజ్ ఒకటి పడేయండి, గరిష్ఠం అలారం ఎన్ని నిమిషాలకి మోగిందో చూడండి. ట్రాన్సాక్షన్ తెరిచి మూయకుండా వదిలేయండి. చివరగా కన్స్యూమర్ కోడ్‌లో, కమిట్ తర్వాత, పని చేసే చోట 2 సెకన్ల స్లీప్ పెట్టండి.

ఈ ఆఖరి పరీక్షలో గ్రాఫ్‌లన్నీ పచ్చగానే ఉండిపోతే మాత్రం 5వ అడుగుకి తిరిగి వెళ్లాల్సిందే. మాది అలాగే ఉండిపోయింది.